చదువు – సందేహం: ప్రకృతి శాస్త్రాలూ సమాచార శాస్త్రమూ కలిసే చోట

రెండు నెలల క్రితం ఈ శీర్షికలో, ప్రకృతి శాస్త్రాలను గణితంతోనూ కంప్యూటరుతోనూ జోడించి బోధించే పీజీ, పీహెచ్‌డీ చదువుల గురించి నాలుగు వాక్యాలు రాశాను. ఆ నాలుగు వాక్యాలకు ఒక్క గోదావరి డెల్టా నుంచే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వాటిలో ఐదింటికి ఈసారి జవాబు రాస్తున్నాను. మొదటి జవాబు తక్కినవారికి కూడా పనికివస్తుంది కనుక దానికి ఎక్కువ చోటు తీసుకున్నాను.

ప్రశ్న: నేను బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతున్నాను. నా మేజర్ భౌతికశాస్త్రం, మైనర్ కంప్యూటర్ సైన్సు. మా ఊళ్ళో సార్వా పంట తరచు ముంపు పాలవుతుంది. వరదలను, పంటలను, నేలలను కంప్యూటరు సాయంతో అధ్యయనం చేసే పీజీ చదువులు ఉన్నాయని మా మేడమ్ చెప్పారు. మా నాన్నగారు మాత్రం, "రెండు పడవల మీద కాళ్ళు పెడితే నడి ఏట్లో పడతావు, ఏదో ఒకటే చదువుకో" అంటున్నారు. ఇది నిజంగా ఒక శాస్త్రమేనా, లేక రెండు శాస్త్రాల అరకొర కలయికా? చదివితే ఎక్కడ చదవాలి?
– ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: మీ నాన్నగారి భయం ఊరికే పుట్టింది కాదమ్మా. అంతర్విభాగ అధ్యయనం అని పేరు పెట్టుకుని, కొంచెం జీవశాస్త్రం, కొంచెం ప్రోగ్రామింగ్, కొంచెం గణాంకాలు విస్తట్లో వడ్డించి, ఏ ఒక్కదానితోనూ కడుపు నిండనివ్వని కోర్సులు ఉన్నాయి. అటువంటివాటి విషయంలో ఆయన హెచ్చరిక అక్షరాలా సరైనదే. అయితే ఆయన చెప్పిన పోలికనే తీసుకుని నా అభిప్రాయం చెబుతాను. ఏట్లో పడవ ఒక్కటే ఉంటుంది. లోతు తక్కువున్న చోట సరంగు గెడ వేస్తాడు, లోతున్న చోట తెడ్డు వేస్తాడు. ఈ చదువులో పడవ అంటే మీరు పట్టుకున్న ప్రశ్న. ప్రశ్న ఒక్కటిగా ఉన్నంతకాలం దానికోసం ఎన్ని శాస్త్రాలు చేతబట్టినా ఏట్లో పడరు. ప్రశ్న లేకుండా శాస్త్రాలను మాత్రం పోగుచేసుకుంటే ఒక్క శాస్త్రంతో కూడా పడవచ్చు.

మీ ఉత్తరంలో ముంపు మాట ఉంది కాబట్టి ముంపునే ఉదాహరణగా చూద్దాం. మారుటేరు వరి పరిశోధనా కేంద్రంలో పుట్టిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, మన జిల్లాల్లో ఎవరికీ పరిచయం చేయనవసరం లేని రకం. దిగుబడికి పెట్టింది పేరైన ఆ వరి, లేత వయసులో పూర్తిగా నీట మునిగి పది పన్నెండు రోజులు ఉండిపోతే మాత్రం తట్టుకోలేదు. నీటిపైకి తల ఎత్తాలని ఆకులు సాగదీస్తుంది, ఆ సాగడంలోనే తనలో ఉన్న పిండిపదార్థమంతా ఖర్చుచేసుకుంటుంది, తీరా నీరు లాగేసరికి నిలబడే సత్తువ లేక ఒరిగి కుళ్ళిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్ 13ఏ అనే పాత రకం ఇందుకు విరుద్ధంగా నడుచుకుంటుంది. మునిగిన రోజుల్లో ఎదుగుదల దాదాపు ఆపేసి, ఉన్న శక్తిని దాచుకుని, నీరు తీశాక మళ్ళీ పచ్చబడుతుంది.

ఈ తేడా రైతు కంటికి తెలుసు, కానీ అది మొక్కలో ఎక్కడుందో కంటితో తెలియదు. ముంపును తట్టుకునే వరినీ తట్టుకోలేని వరినీ సంకరం చేసి, వాటి సంతతిని వరుసలు వరుసలుగా నీట ముంచి, ఏది బతికిందో ఏది చచ్చిందో పట్టిక రాసుకుని, ఆ పట్టికను ఒక్కొక్క వరుసలోని జన్యు గుర్తులతో (క్రోమోజోము మీద ఎక్కడున్నాయో తెలిసిన డీఎన్ఏ ఆనవాళ్ళతో) పోల్చి, ఈ పొంతన కేవలం కాకతాళీయంగా వచ్చే అవకాశం ఎంత అని సంభావ్యతతో లెక్కకట్టినప్పుడు, వరికున్న 12 క్రోమోజోముల్లో 9వదాని మీద ఒక చోటు తేలింది. ఆ చోట ఉన్న సబ్1ఏ అనే జన్యువును 2006లో ప్రకటించారు. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు జన్యు గుర్తులను చూసుకుంటూ ఆ ముక్కను స్వర్ణలోకి తెచ్చి, మిగిలిన స్వర్ణ గుణాలు చెడకుండా తరతరానికీ వడకట్టారు. అలా వచ్చిన స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. సుమారు రెండు వారాల ముంపు వరకు నిలుస్తుంది. ఇందులో మొక్కను ముంచినవారు, చావుబతుకుల పట్టికను లెక్కకట్టినవారు, జన్యుక్రమాన్ని కంప్యూటరులో వెతికినవారు వేరువేరు గదుల్లో ఉండి, ఒకరి భాష ఒకరికి అర్థం కాకపోయి ఉంటే, మారుటేరు స్వర్ణ ఇంకా నీటిలో కుళ్ళుతూనే ఉండేది. కనుక ఇది శాస్త్రమేనా అన్న మీ ప్రశ్నకు నా జవాబు: నిస్సందేహంగా శాస్త్రమే.

ఇక రెండో సంగతి, మీ నాన్నగారి వైపు నుంచి. గణితం చదివినవారికి ఎముకలతో ఏం పని అని 1946లో ఎవరైనా అడిగి ఉండవచ్చు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో సాంఖ్యకశాస్త్రం (స్టాటిస్టిక్స్) చదివిన సి.ఆర్. రావు గారు ఆ ఏడాది కేంబ్రిడ్జి వెళ్ళింది అక్కడి మానవశాస్త్ర, పురావస్తు మ్యూజియంలో పని చేయడానికి. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను బట్టి ఆ ప్రాచీన జనం ఏ జనాలకు దగ్గరివారో తేల్చడం ఆయనకు అప్పగించిన పని. అందుకు వాడిన కొలమానాన్ని రూపొందించిన మహలనోబిస్ గారు భౌతికశాస్త్రం చదివినవారు. సాంఖ్యకశాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ పర్యవేక్షణలో రావు గారికి 1948లో పీహెచ్‌డీ వచ్చింది. ఆ ఫిషర్ అంతకుముందు చాలా ఏళ్ళు ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పొలాల లెక్కలు చూసినవారు. వీరందరిలో ఉమ్మడిగా కనిపించేది ఒక్కటే: ప్రతివారికీ ఒక శాస్త్రంలో పునాది గట్టిగా ఉంది, ఆ తరువాతే రెండో గుమ్మం తొక్కారు.

అందుచేత మీకు నా సలహా సూటిగా చెబుతాను. భౌతికశాస్త్రాన్ని వదలకండి. పీజీలో అది గాని, దానికి దగ్గరి చుట్టమైన వాతావరణ, సముద్ర, భూభౌతిక శాస్త్రాలు గాని తీసుకుని, సంభావ్యత, రేఖీయ బీజగణితం, ప్రోగ్రామింగ్ ఈ మూడింటినీ అంతే శ్రద్ధతో నేర్చుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఎప్పటినుంచో ఉంది. ఐఐటీల ఎంఎస్సీకి జామ్ పరీక్ష రాయాలి. భౌతికశాస్త్రం, గణితం, గణిత సాంఖ్యకశాస్త్రం, భూగర్భశాస్త్రం వంటి పత్రాలు అందులో ఉన్నాయి. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీలో గణన ప్రకృతి శాస్త్రాలకూ, జీవుల సమాచారాన్ని కంప్యూటరుతో పరిశీలించే బయోఇన్ఫర్మాటిక్స్‌కూ కలిపి ఒక పరిశోధనా కేంద్రం నడుస్తోంది. టాటా మౌలిక పరిశోధనా సంస్థవారి హైదరాబాద్ కేంద్రాన్ని విభాగాల గోడలు లేని పరిశోధన కోసమే మొదలుపెట్టారు. బెంగళూరులోని ఐఐఎస్సీలో గణితాన్ని జీవ, భౌతిక, ఇంజనీరింగ్ శాస్త్రాలతో కలిపే అంతర్విభాగ పీహెచ్‌డీ ఉంది. కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధనా సంస్థల్లో ఒకటైన తిరుపతి ఐసర్ మన రాష్ట్రంలోనే ఉంది.

మీరు మూడేళ్ళతో ఆగకుండా నాలుగో ఏడు ఆనర్స్ కూడా చదివే ఆలోచన చేయండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులు ఉన్నవారు నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. అర్హత ఉన్నంత మాత్రాన తొందరపడమని నేను అనను. భౌతికశాస్త్రంలో ఎంఎస్సీ స్థాయి పట్టు లేకుండా నేరుగా పరిశోధనలోకి వెళ్ళినవారు తొలి రెండేళ్ళూ ఉక్కిరిబిక్కిరి కావడం నేను చూశాను.

ఏ కోర్సు అయినా చేరేముందు దాని పేరు చూసి మురిసిపోకుండా, అక్కడి అధ్యాపకుల జాబితా తెరిచి, వారు గత రెండు మూడేళ్ళలో ఏ ప్రశ్న మీద పని చేశారో చదవండి. మీ ముంపు ప్రశ్నకు దగ్గరగా ఒక్కరైనా కనిపించని చోట ఎంత గొప్ప పేరున్న కోర్సయినా మీకు పనికిరాదు.

ప్రశ్న: నేను బీఎస్సీ ఆక్వాకల్చర్ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఇంటర్‌లో బైపీసీ. పదో తరగతితో లెక్కలు ఆగిపోయాయి. బయోఇన్ఫర్మాటిక్స్ వైపు వెళ్ళాలని ఉంది. పైథాన్ నేర్చుకుంటే సరిపోతుందా?
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: సరిపోదు. కానీ నిరుత్సాహపడకండి, మీ దగ్గర ఇప్పటికే ఉన్నదేమిటో ముందు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థులు ఒక రొయ్యల చెరువు లెక్కలతో నా దగ్గరకు వచ్చారు. నీటిలో కరిగిన ప్రాణవాయువు, ఉప్పదనం, ఉష్ణోగ్రత, పీహెచ్, నాలుగు నెలల పట్టిక, చక్కటి గ్రాఫులు, భవిష్యత్తును అంచనా వేసే ఒక నమూనా. ఈ చెరువులో ప్రాణవాయువు లోటు వచ్చే అవకాశం లేదని ఆ నమూనా చెప్పింది. మేము ముగ్గురం ఆ చెరువు గట్టుకే వెళ్ళి రైతుకు చూపించాము. ఆయన కాగితాన్ని వెలుతురుకు పెట్టి, వరుసగా వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళి, చివరికి తల ఎత్తి అడిగారు: "తెల్లారగట్ల లెక్కేదండీ?"

లేదు. కుర్రాళ్ళు మొదటి బస్సు దిగి చెరువు దగ్గరకు వచ్చేసరికి ఉదయం తొమ్మిది అయ్యేది, తిరిగి మూడింటికి మరోసారి కొలిచేవారు. పగలంతా నీటికి రంగునిచ్చే సూక్ష్మమైన నాచు కిరణజన్య సంయోగక్రియతో ప్రాణవాయువును విడుస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి దాన్ని పీల్చుకుంటాయి. అందుచేత రోజు మొత్తంలో ప్రాణవాయువు అడుగంటేది తెల్లవారడానికి ముందు. రైతు తన మోటారు షెడ్డులోంచి నూనె మరకలు పడిన నోటు పుస్తకం తెచ్చి చూపించారు. అందులో తెల్లవారుజామున నాలుగు గంటల అంకెలు ఉన్నాయి. కొన్ని రోజుల్లో లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపు. ఆ అంకె పక్కన, ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) రెండూ వేశాము అని పెన్సిలుతో రాసి ఉంది. కుర్రాళ్ళ ప్రోగ్రాములో ఒక్క తప్పు కూడా లేదు. ప్రమాదం జరిగే గంటే వారి పట్టికలో లేదు.

ఆ గంట సంగతి మీకు పుట్టుకతో తెలుసు. మీ ఊళ్ళో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి కూడా శరీర ద్రవాల్లో భాస్వరాన్ని ఎలా కొలవాలన్నదే. ఆ కొలత సరిగ్గా కుదిరిన తరువాతనే కండరాల శక్తి గురించిన వారి ఆవిష్కరణలు వచ్చాయి. జీవశాస్త్రం చదివినవారికి ఏది కొలవాలో, ఎప్పుడు కొలవాలో తెలియడం పెద్ద ఆస్తి. దాన్ని తక్కువ చేసుకుని, రేపటినుంచి నేనూ కంప్యూటరు కుర్రాణ్ణే అని మారిపోవద్దు.

అయితే లెక్కల లోటు నిజమైన లోటే, దాన్ని పూడ్చక తప్పదు. పైథాన్ మూడు నెలల్లో వస్తుంది. సంభావ్యత అర్థం కాకుండా పైథాన్ రాసేవారు, తమ ప్రోగ్రాము చెప్పిన జవాబు తప్పో ఒప్పో తేల్చుకోలేరు. ఇంటర్ ఎంపీసీ పాత పుస్తకాలు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. నాలుగు పుస్తకాలూ మొదటినుంచి చివరికి చదవనవసరం లేదు. 1ఏలో మాత్రికలు, సదిశలు. 1బీలో అవధులు, అవకలనాలు. 2ఏలో సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు. 2బీలో సమాకలనాలు, అవకలన సమీకరణాలు. శాంకవాలను ఇప్పటికి వదిలేయండి. రోజుకు గంట చొప్పున, లెక్కలు చేతితో చేస్తూ వెళ్తే ఏడాదిలోపు అయిపోతుంది. చెరువులో రొయ్యల బరువు వారం వారం ఎలా పెరుగుతుందో మీ దగ్గర అంకెలు ఉంటాయి కదా, అవకలన సమీకరణాన్ని ఆ అంకెల మీదే మొదటిసారి రాసి చూడండి. అప్పుడు అది పరాయి విషయంలా అనిపించదు. ఆ తరువాత స్వయం, ఎన్‌పీటీఈఎల్ వేదికల మీద ఉన్న సాంఖ్యకశాస్త్రం, బయోఇన్ఫర్మాటిక్స్ పాఠాలు ఉచితంగా వినవచ్చు.

ప్రవేశ పరీక్షల్లో మీకు దగ్గరివి జామ్‌లో బయోటెక్నాలజీ పత్రం, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, జీవశాస్త్రంలోనూ అంతర్విభాగ జీవశాస్త్రాల్లోనూ పరిశోధనకు టాటా సంస్థవారు నిర్వహించే జేజీఈఈబీఐఎల్ఎస్. జామ్ బయోటెక్నాలజీలో ఇంటర్ స్థాయి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల ప్రశ్నలు కూడా ఉంటాయి కనుక పైన చెప్పిన అభ్యాసం అక్కడా అక్కరకు వస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సిస్టమ్స్ అండ్ కంప్యుటేషనల్ బయాలజీ పేరుతో ప్రత్యేక విభాగమే ఉంది. రొయ్యల మీదే పని చేయాలనుకుంటే, వనామీ రొయ్య జన్యుక్రమం 2019లోనే వెలువడింది. తెల్లమచ్చ వైరస్ జన్యుక్రమం సుమారు మూడు లక్షల డీఎన్ఏ అక్షరాల పొడవు. రెండూ అందరికీ అందుబాటులో ఉన్న సమాచార నిధుల్లో ఉన్నాయి. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ కేంద్ర సంస్థ ఈ రోగాల మీదే పని చేస్తుంది. భీమవరం కుర్రాడు ఆ జన్యుక్రమాన్ని తెరిచి చదవగలిగే రోజు రావాలని నాకు మనసారా ఉంది.

ప్రశ్న: మాది రాజోలు దగ్గర కొబ్బరి తోట. మా అబ్బాయి ఎంఎస్సీ అయ్యాక పీహెచ్‌డీ అంటున్నాడు. ఇప్పటికే చదువు కోసం అప్పు ఉంది. ఇంకో ఐదారేళ్ళు పోషించే స్తోమత మాకు లేదు. ఏదైనా బ్యాంకు పరీక్ష రాసుకోమంటే ముఖం మాడ్చుకుంటున్నాడు. మీరైనా నచ్చజెప్పండి.
– ఒక తండ్రి, రాజోలు

జవాబు: అయ్యా, నచ్చజెప్పవలసింది ఎవరికో తేలాలంటే ముందు లెక్క చూడాలి. పేరున్న సంస్థల్లో పీహెచ్‌డీకి మీరు డబ్బు కట్టి చదివించడం ఉండదు, వారే నెలనెలా ఫెలోషిప్ ఇస్తారు. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000. వసతి లేనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. ఈ మొత్తాలు 2023 జనవరి నుంచి అమలులో ఉన్నాయి. గేట్ రాసి ఎంటెక్ చేరితే నెలకు 12,400. అంటే మీ అబ్బాయి జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే మీమీద భారం పడదు, పొదుపుగా ఉంటే అప్పులో కొంత తీర్చగలడు కూడా.

మీకు తెలియవలసిన రెండో వైపు కూడా దాచకుండా చెబుతాను. పీహెచ్‌డీకి సాధారణంగా ఐదారేళ్ళు పడుతుంది. ఫెలోషిప్ ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా చేతికి వస్తుంది, ఆ నెలల్లో ఇంటివైపు చూడక తప్పదు. పూర్తయ్యాక అధ్యాపక ఉద్యోగం వెంటనే దొరుకుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే గణితమూ ప్రోగ్రామింగూ నిజంగా వచ్చినవారికి విత్తన, ఔషధ, బీమా, సాఫ్ట్‌వేర్ సంస్థల్లోనూ, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణలోనూ పని దొరుకుతుంది. ఈ విషయంలో ఒక్క ప్రకృతి శాస్త్రమే చదివినవారికన్నా వీరి చేతిలో దారులు ఎక్కువ.

ఫెలోషిప్ లేకుండా, సొంత ఖర్చుతో, ఎక్కడో ఒకచోట పీహెచ్‌డీలో చేరతానంటే మాత్రం నేను మీ పక్షమే. నెట్‌కు గాని గేట్‌కు గాని రెండు ప్రయత్నాల గడువు మీరూ అతనూ కూర్చుని పెట్టుకోండి. ఆ గడువులో రాకపోతే బ్యాంకు పరీక్షల మాట అతనే ఎత్తుతాడు.

ప్రశ్న: నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఇప్పుడు ఎంఎస్సీ మొదటి ఏడు. సబ్జెక్టు అర్థమవుతుంది గాని ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో నోరు పెగలదు. పెద్ద సంస్థలకు దరఖాస్తు చేయడానికే జంకుగా ఉంది.
– ఒక విద్యార్థిని, ముమ్మిడివరం

జవాబు: దరఖాస్తు చేయండమ్మా. ఈ సంస్థల్లో ఇంటర్వ్యూ అంటే చాలాచోట్ల ఒక బోర్డూ ఒక సుద్దముక్కా. చిన్న ప్రశ్న ఇస్తారు, మీరు బోర్డు మీద బొమ్మ గీసి, సమీకరణం రాసి, ఎలా ఆలోచిస్తున్నారో చూపించాలి. అక్కడ మీ వ్యాకరణాన్ని ఎవరూ దిద్దరు. తెలియని చోట తెలియదని చెప్పి, తెలిసిన చోటినుంచి ఒక్క అడుగు వేసినవారిని గౌరవిస్తారు.

ఆలోచించడం తెలుగులోనే చేయండి, అందులో తప్పేమీ లేదు. ఒక పరిశోధనా వ్యాసం చదివాక, రచయితలు ఏం అడిగారు, ఏం కొలిచారు, ఏం తేలింది, నాకు ఎక్కడ అనుమానం ఉంది అని తెలుగులో ఒక పేజీ రాసుకోండి. మరునాడు ఆ పేజీనే ఇంగ్లీషులో ఆరు వాక్యాలకు కుదించి, పైకి చదవండి. వారానికి రెండు వ్యాసాల చొప్పున ఆరు నెలలు చేస్తే యాభైకి దగ్గరపడతాయి. మాట తడబడేది చాలాసార్లు భాష రాక కాదు, చెప్పవలసింది ముందుగా తేల్చుకోకపోవడం వల్ల. ఆ తేల్చుకోవడం మీకు తెలుగులో త్వరగా జరుగుతుంది.

మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి ఏటా నడిపే వేసవి పరిశోధనా ఫెలోషిప్‌కు తప్పక దరఖాస్తు పెట్టండి. ఎంపికైతే రెండు నెలలు ఒక పెద్ద ప్రయోగశాలలో గడుపుతారు. అక్కడ భోజనాల గదిలో మాట్లాడిన ఇంగ్లీషు ఏ కోచింగులోనూ దొరకదు.

ప్రశ్న: డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. పిల్లల చేత ప్రకృతినీ సమాచారాన్నీ కలిపే ప్రాజెక్టు ఒకటి చేయించాలని ఉంది. మా దగ్గర పరికరాలు లేవు, ఉన్నవి పది పాత కంప్యూటర్లు.
– ఒక అధ్యాపకుడు, కాకినాడ

జవాబు: పది కంప్యూటర్లు చాలు. మన డెల్టాలో వరిచేలు ఎన్ని చెరువులుగా మారాయి అన్న ప్రశ్న ఇవ్వండి. సెంటినెల్-1 అనే ఐరోపా ఉపగ్రహాల రాడార్ చిత్రాలు 2014 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. పటాలనూ ఉపగ్రహ చిత్రాలనూ పరిశీలించే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. మామూలు కెమెరా చిత్రాలు సార్వా నెలల్లో మబ్బుల వల్ల పనికిరావు. రాడార్ తరంగం పొడవు ఐదారు సెంటీమీటర్లు, అది మబ్బును దాటి వస్తుంది.

ఇందులో భౌతికశాస్త్రం ఎక్కడుందో మీరు పిల్లలకు బల్ల మీదే చూపించవచ్చు. నున్నటి నీటి మీద పడ్డ తరంగం అద్దం మీద పడ్డట్టు అవతలికి వెళ్ళిపోతుంది, ఉపగ్రహానికి తిరిగి రాదు, అందుకని చిత్రంలో ఆ చోటు నల్లగా ఉంటుంది. నాట్లు వేసిన వారంలో వరిచేను కూడా నీళ్ళతో నిండి నల్లగానే కనిపిస్తుంది. ఒక్క రోజు చిత్రం చూసి చెరువేదో చేనేదో చెప్పడం అసాధ్యం. పన్నెండేసి రోజుల తేడాతో వచ్చిన చిత్రాలను వరుసగా పేర్చితే, దుబ్బు కట్టి మొక్క పెరిగేకొద్దీ చేను తెల్లబడుతూ వస్తుంది, చెరువు నల్లగానే ఉండిపోతుంది. ఆ వరుసనే పిల్లలు అంకెలుగా తీసి, గీత గీసి, ఏ వంపు చేనుదో ఏ వంపు చెరువుదో కంప్యూటరుకు నేర్పుతారు. చిత్రంలో ఒక్కొక్క చుక్క (పిక్సెల్) పది మీటర్ల చదరమనుకుంటే ఎకరం చెరువుకు నలభై చుక్కలు వస్తాయి, ఈ పనికి అది చాలు. ఏరియేటర్లు తిరిగే చెరువులో నీరు నున్నగా ఉండదు, గట్టు మీద కొబ్బరిచెట్లున్న చోట చుక్కలు కలగలుస్తాయి. ఇటువంటి తేడాలు ఎందుకొచ్చాయో పిల్లల చేతనే వెతికించండి, సగం చదువు అక్కడే ఉంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ ఉపగ్రహం ఇంకా పొడవైన తరంగాలు వాడుతుంది. రెండో ఏడు బృందానికి ఆ చిత్రాలతో పోల్చే పని ఇవ్వవచ్చు.

మొదటిసారి దాళ్వాతో (రబీ వరితో) మొదలుపెట్టండి. డిసెంబరు, జనవరిలో నాట్లు పడే రోజుల్లో పిల్లలను రెండు మూడు ఊళ్ళ గట్ల మీదికి తీసుకువెళ్ళి, ఫోనులో అక్షాంశ రేఖాంశాలు చూసుకుంటూ, ఇది చేను, ఇది చెరువు, ఇది ఎండబెట్టిన చెరువు అని కనీసం నూట యాభై చోట్ల రాయించండి. రాసేటప్పుడు తేదీతోపాటు చేలో నీరు ఎంత లోతుందో, నాటి ఎన్ని రోజులైందో అక్కడున్న రైతును అడిగి రాయమనండి. వాటిలో వందింటిని కంప్యూటరుకు నేర్పడానికి వాడి, మిగిలిన యాభైని సీలు వేసిన కవరులో మీ బీరువాలో దాచి, ప్రాజెక్టు చివరి రోజున తెరిచి, కంప్యూటరు చెప్పింది వాటితో సరిపోయిందో లేదో చూడండి.